తెల్లపొగ నుంచి ఎర్రగీత దాకా

పాత బస్సు కొని, సీట్లు పీకేసి, మంచాలూ నీళ్ల ట్యాంకులూ బిగించి ఇల్లుగా మార్చుకున్నవాళ్లను ఇంజిన్ రెండు రకాలుగా టెన్షన్ పెడుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వెనకంతా తెల్లపొగ. ఎత్తు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు. అందరూ భయపడేది రెండోదానికే. అది ఒక్క మధ్యాహ్నంలో హెడ్ గాస్కెట్‌ను, అంటే ఇంజిన్ బ్లాక్‌కూ దాని పై మూతకూ మధ్య ఉండే సీలును, కాల్చేయగలదు మరి. మొదటిది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కొరుక్కుతింటుంది.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్లోని గాలిని పదహారో వంతుకో, ఇంకా తక్కువకో నొక్కితే అది 500 డిగ్రీల సెల్సియస్ దాటి కాగుతుంది, అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తనే అంటుకుంటుంది. రాత్రంతా చల్లబడిన ఇనుము ఆ వేడిని లాగేసుకుంటుంది. స్టార్టర్ నెమ్మదిగా తిప్పుతుంది కాబట్టి పిస్టన్ రింగుల సందుల్లోంచి గాలి కూడా జారిపోతుంది. దాంతో కొంత డీజిల్ కాలకుండానే సన్నటి తుంపరలై సైలెన్సర్లోంచి బయటికొస్తుంది. కళ్లు మండించే ఆ తెల్లపొగ అదే. బండి వేడెక్కాక పోతే కంగారు అక్కర్లేదు. వేడెక్కినా ఆగక, తియ్యటి వాసన వేస్తుంటే మాత్రం కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) సిలిండర్లోకి దిగుతోందేమో చూసుకోవాలి. నీలిపొగ ఆయిల్‌ది, నల్లపొగ గాలి చాలనప్పటిది.

జనరల్ మోటార్స్ 1938లో తెచ్చిన 71 సిరీస్ లాంటి టూ-స్ట్రోక్ ఇంజిన్లకు ఈ పొగ మరీ ఎక్కువ. వాటిలో బ్లోయర్ ప్రతి చుట్టుకూ సిలిండర్లోకి చల్లగాలి తోస్తుంది.

వేడెక్కడానికని అరగంట స్లోలో వదిలేయడం చాలామందికి అలవాటు. నా దృష్టిలో అంతకంటే చెడ్డ అలవాటు లేదు. బరువు లాగని డీజిల్ ఇంజిన్ కాల్చే ఇంధనమే తక్కువ, అది వేడెక్కదు. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. ఎయిర్ బ్రేకులకు గాలి నిండేదాకా ఎలాగూ బస్సు కదలకూడదు. ఆ కాసేపు ఇంజిన్‌ను నిమిషానికి 1000 చుట్ల దగ్గర ఉంచి, ముల్లు లేచేదాకా మెల్లగా నడిపితే చాలు. ఇంకా మంచిది బ్లాక్ హీటర్. స్టార్ట్ చేసే ముందు రెండు మూడు గంటలు కరెంటుతో కూలెంట్‌ను వెచ్చబెడితే పొగ చాలావరకు తగ్గుతుంది.

ఇక వేడి సంగతి. వెనక ఇంజిన్ ఉన్న బస్సులో రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు, ఫ్యాన్ లాగిన గాలే దిక్కు. బస్సును ఇల్లుగా మార్చేవాళ్లు సరిగ్గా ఆ గాలి వెళ్లే జాలీ వెనకే బ్యాటరీ పెట్టెలూ జనరేటరూ ఇరికిస్తారు. ఆయిల్ తుంపరకు దుమ్ము అంటుకుని రేడియేటర్ రెక్కల మధ్య మందంగా పేరుకుంటుంది. బయటి ముఖం శుభ్రంగానే కనబడుతుంది, టార్చ్ వేసి లోపలి వైపు చూడాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ అంతా తడిమితే, చుట్టూ వేడిగా ఉండి ఒక్కచోటే చల్లగా చూపితే అక్కడి గొట్టాలు పూడినట్టే.

కూలెంట్ వేడెక్కేదాకా దాన్ని రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే కవాటం థర్మోస్టాట్. కొందరు దాన్ని పీకేస్తారు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడే రేడియేటర్‌ను తప్పించే బైపాస్ దారి మూసుకుంటుంది. అది లేకపోతే కొంత కూలెంట్ రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్లోకి తిరిగొస్తుంది. ఎత్తులో వేడి ఇంకా పెరగొచ్చు, పొద్దున తెల్లపొగా ఎక్కువసేపు ఉంటుంది.

ఎత్తు రోడ్డు మీద పై గేర్లో ముక్కుతూ లాగించకూడదు. ముందే గేర్ తగ్గిస్తే ఇంజిన్ చురుగ్గా తిరుగుతుంది, దానితోపాటే నీళ్ల పంపూ, బెల్టు ఫ్యాన్ అయితే అదీ. ముల్లు ఎర్రగీతకు చేరకముందే పక్కకు ఆపాలి. ఆపినా వెంటనే ఆర్పకుండా, ఆవిరి చిమ్మడం, కూలెంట్ కారడం లేకపోతే, న్యూట్రల్లో కాస్త యాక్సిలరేటర్ నొక్కి ఉంచాలి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. ప్రెషర్ కుక్కర్‌లో లాగే లోపల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఒత్తిడి మీద ఉంటుంది, మూత కదిలిస్తే మొహం మీదికే ఎగజిమ్ముతుంది.