స్పోర్ట్స్ కారు బేరం: కట్టే డబ్బులో కారెంత, పన్నెంత?

తిరుపతిలో కార్ల షోరూంలకు కొదవ లేదు. స్పోర్ట్స్ కారు కావాలంటే మాత్రం చెన్నైకో బెంగళూరుకో బయల్దేరాల్సిందే. చిత్రం ఏమిటంటే, బండికి కావలసిన సరుకు చాలావరకు ఈ చుట్టుపక్కలే తయారవుతుంది. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, చినపండూరులో అపోలో టైర్లు, శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు. రెండు డోర్ల కారు మీద ముచ్చట పడ్డవాడు మాత్రం పుత్తూరు, నగరి దాటి పోవాలి.

పోయినవాడి ముందు సెకండ్ హ్యాండ్ డీలరు సాధారణంగా రెండు రకాల బండ్లు పెడతాడు. ఒకటి ఫోర్డ్ మస్టాంగ్ లాంటిది: ఐదు లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్, దాదాపు 400 హార్స్‌పవర్, స్టార్ట్ చేస్తే వీధంతా తిరిగి చూస్తుంది. రెండోది పాత పోర్షే బాక్‌స్టర్ లాంటిది: పవర్ తక్కువ, ఏళ్లు ఎక్కువ, కానీ స్విచ్చు నొక్కినా గేరు వేసినా ఎక్కడా వదులు కనపడదు. ఇచ్చిన డబ్బుకు ఎక్కువ పవర్ రావాలనేది ఒక పక్షం, తయారీ గట్టిగా ఉండాలనేది ఇంకో పక్షం. ఈ తగవు మన దగ్గర పుట్టింది కాదు. దీని వెనక 60 ఏళ్లకు పైబడిన కథ ఉంది. మన దేశానికి వచ్చేసరికి ఆ కథను పన్నులు తలకిందులు చేశాయి.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్‌కు డాలర్లు కావాలి, అమెరికా కుర్రకారుకు చవగ్గా టాప్‌లేని కారు కావాలి. ఎంజీ, ట్రయంఫ్, ఆస్టిన్-హీలీ కంపెనీలు ఈ రెండు అవసరాలనూ కలిపాయి. పద్ధతి తేలికే. ఇంట్లోవాళ్లు తిరిగే మామూలు కారు ఇంజనూ ఇరుసులూ తీసుకోవడం, వాటిమీద అందమైన బాడీ కట్టడం. 1962 నుంచి 1980 దాకా ఎంజీబీ మోడల్ ఇలాగే 5 లక్షలకు పైగా తయారైంది.

ఈ లెక్కకు పరాకాష్ఠ జాగ్వార్ ఈ-టైప్. 1961 మార్చిలో జెనీవాలో దాన్ని చూపించినప్పుడు గంటకు 150 మైళ్లు పోతుందన్నారు. ధర 2 వేల పౌండ్ల చుట్టుపక్కల. అంత వేగం ఫెరారీలోనో ఆస్టన్ మార్టిన్‌లోనో కావాలంటే దాదాపు రెట్టింపు పెట్టాలి. అంత చవగ్గా ఎలా ఇచ్చారు? ఇంజను కొత్తది కాదు, 1948 నుంచి జాగ్వార్ వాడుతున్నదే. ఇక కొన్నవాళ్లకు తర్వాత తెలిసొచ్చింది: ట్రాఫిక్‌లో నిలబడితే ఇంజను వేడెక్కేది, వానాకాలంలో వైరింగ్ మొరాయించేది. షోరూంలో మిగిలిన డబ్బు మెకానిక్‌కు వాయిదాల్లో కట్టారన్నమాట. చవక బేరం అనే మాటకు స్పోర్ట్స్ కార్ల లోకంలో చెడ్డపేరు అక్కడి నుంచే మొదలైంది.

ఈ బ్రిటన్ కథకు మన పక్కనే ఒక కొస ఉంది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ ట్రయంఫ్ వాళ్ల హెరాల్డ్ కారు తయారుచేసేది. చిత్తూరు జిల్లా డాక్టర్లకూ లాయర్లకూ అది బాగా తెలిసిన బండే. దాని ఛాసిస్‌నే పొట్టి చేసి ట్రయంఫ్ వాళ్లు 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తీశారు. వెనక చక్రాల అమరిక రెండింటికీ ఒకటే. మలుపులో వేగంగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రం లోపలికి ముడుచుకుని బండి పక్కకు జారేది. ఆసుపత్రికి నెమ్మదిగా పోయే డాక్టరుకు ఆ లోపం ఎప్పుడూ తెలిసి ఉండదు. స్పిట్‌ఫైర్ నడిపే కుర్రాడికి మొదటి వారంలోనే తెలిసేది. మామూలు కారులో సరిపోయే భాగం స్పోర్ట్స్ కారులోనూ సరిపోతుందని అనుకోవడంలోనే తిరకాసు ఉంది.

ఎంజీ, ట్రయంఫ్, జాగ్వార్ కంపెనీలు 1968లో బ్రిటిష్ లేలాండ్‌గా కలిశాయి, 1975లో ప్రభుత్వం చేతికి వెళ్లాయి, 1980లో ఎంజీ ఫ్యాక్టరీ మూతపడింది. ఈలోపు జపాన్ దిగింది.

1969 చివర్లో వచ్చిన డాట్సన్ 240జడ్ అమెరికాలో 3,526 డాలర్లకు అమ్ముడైంది. ఆరు సిలిండర్ల ఇంజన్, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, అన్నిటికీ మించి పొద్దున తాళం తిప్పగానే స్టార్టయ్యే గుణం. అయితే ఇందులోనూ ఖర్చు తగ్గించారు, కంటికి కనపడని చోట. రేకుకు తుప్పు పట్టకుండా చేసే పని సరిగా జరగలేదు. మంచు మీద ఉప్పు చల్లే ఊళ్లలో ఈ బండ్లు కింది నుంచి తినుకుంటూ పోయాయి. ఇంజను బతికే ఉండేది, బాడీ పోయేది.

ధరకూ తయారీకీ నిజంగా రాజీ కుదిరింది 1989లో, మజ్దా ఎంఎక్స్-5తో. మనకు మజ్దా అనగానే స్కూలు పిల్లల్ని మోసుకుపోయే స్వరాజ్ మజ్దా వ్యాన్ గుర్తొస్తుంది. ఆ కంపెనీ ప్రపంచంలోనే అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తయారుచేసిందంటే మన వైపు చాలామంది నమ్మరు. అమెరికాలో ధర 14 వేల డాలర్ల లోపు. ఇంజను 1.6 లీటర్లు, పవర్ 116 హార్స్‌పవర్ మాత్రమే, దాని మూలం మామూలు కార్ల కుటుంబమే. అంటే అక్కడ డబ్బు మిగుల్చుకున్నారు. మిగిల్చింది ఎక్కడ పెట్టారో చూడండి. వెనక చక్రాలకు పవర్, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, గేర్‌బాక్సును వెనక డిఫరెన్షియల్‌తో (వెనక చక్రాలకు పవర్ పంచే పెట్టె) కలిపి బిగించే పొడవాటి అల్యూమినియం దూలం. ఆ దూలం కారు కొనేవాడికి ఎన్నడూ కనపడదు, కానీ యాక్సిలరేటర్ తొక్కగానే బండి జర్క్ లేకుండా కదలడానికి అదే కారణం. 2016 నాటికి ఈ కార్లు 10 లక్షలు తయారయ్యాయి. చవగ్గా చేయడం వేరు, చవకబారుగా చేయడం వేరు అని నేను ఎవరికైనా చూపించాలంటే ఈ బండినే చూపిస్తాను. మజ్దా కార్లు మన దేశంలో ఎప్పుడూ అధికారికంగా అమ్మలేదు, అది వేరే బాధ.

మరుసటి ఏడాదే హోండా ఎన్ఎస్ఎక్స్ వచ్చింది. పూర్తిగా అల్యూమినియం బాడీ, 8 వేల ఆర్‌పీఎం దాకా తిరిగే వీ6, ఫెరారీ కంటే తక్కువ ధర, రోజూ ఆఫీసుకు పోయినా పేచీ పెట్టని నమ్మకం. ఇన్ని ఉన్నా 15 ఏళ్లలో అమ్ముడైంది 18 వేల చిల్లర. బానెట్ మీద ఫెరారీ గుర్రం బొమ్మ లేదు కదా! తయారీ బాగుంటే జనం కొంటారనేది అన్నివేళలా నిజం కాదు. ఫెరారీ మాత్రం ఆ దెబ్బను గమనించింది. విమర్శలు మూటగట్టుకున్న తన 348 మోడల్ స్థానంలో 1994లో ఎఫ్355 తెచ్చింది.

గట్టితనానికి మారుపేరైన పోర్షే కూడా 1990ల మొదట్లో దివాలా అంచుకు వచ్చింది. చేతిపనితో, గంటల తరబడి సరిదిద్దుతూ కార్లు కట్టే పద్ధతి దానికి భారమైంది. కొత్త అధిపతి వెండెలిన్ వీడెకింగ్ సరుకు కుప్పలు పోయకుండా అవసరమైనప్పుడే తెప్పించుకునే టొయోటా పద్ధతి తెలిసిన జపాన్ సలహాదారులను ఫ్యాక్టరీలోకి పిలిచాడు. విడిభాగాలు కుప్పలుగా దాచే ఎత్తైన అరలను సగానికి కోసేయమని వాళ్లు రంపం చేతికిస్తే వీడెకింగ్ తానే కోశాడని చెబుతారు. 1996లో వచ్చిన బాక్‌స్టర్ ఆ మార్పుకు ఫలితం. ఖర్చు తగ్గించేందుకు దాని ముందు భాగాలు చాలావరకు పోర్షే పెద్ద మోడల్ 911తో పంచుకున్నారు. డోరు వేస్తే అదే ధీమా చప్పుడు. కానీ ఇంజను లోపల ఐఎంఎస్ అనే షాఫ్ట్‌కు పెట్టిన బేరింగు కొన్ని బండ్లలో ముందే అరిగి ఇంజన్నే మింగేసింది. చౌక కారులో లోపం పైకి కనపడుతుంది, ఖరీదైన కారులో లోపల దాక్కుంటుంది. రెండోదే జేబుకు ఎక్కువ ప్రమాదం.

ఇక మన దేశం. బెంగళూరులో 1982 నుంచి తయారైన సిపానీ డాల్ఫిన్ ఫైబర్ బాడీతో తేలిగ్గా ఉండి రేసుల్లో, ర్యాలీల్లో రాణించింది, రోడ్డు మీద నిలవలేదు. 1998లో గోవా నుంచి శాన్ స్టార్మ్, 2012 ఆటో ఎక్స్‌పోలో డీసీ అవంతి. రెండూ ఫైబర్ ఒళ్లు, రెనో ఇంజన్లు. డిజైన్ కంటే కష్టమైంది వెయ్యో బండి కూడా మొదటి బండిలాగే రావడం. ఆ దశ దాకా ఇవేవీ పోలేదు.

దాంతో మన కొనుగోలుదారు దిగుమతి బండ్ల మీద పడ్డాడు. ఇక్కడే లెక్క మారిపోయింది. 40 వేల డాలర్లకు మించిన కారు పూర్తిగా తయారై ఓడలో వస్తే 2025 బడ్జెట్ తర్వాత దిగుమతి సుంకం, సెస్సు కలిపి 110 శాతం. అంటే రేవులో 100 రూపాయల కారు 210 అవుతుంది. దానిమీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం జీఎస్టీ: 294. ఆపైన డీలరు కమీషన్, రాష్ట్ర లైఫ్ ట్యాక్స్, బీమా. కట్టే మూడు రూపాయల్లో కారు వాటా ఒక రూపాయి కూడా కాదు. రోడ్డు మీద పాండిచ్చేరి నంబరు ప్లేట్ల ఖరీదైన బండ్లు అన్ని కనపడటానికి కారణం ఈ లైఫ్ ట్యాక్స్ భారమే, అక్కడ ఆ పన్ను తక్కువ.

మస్టాంగ్ 2016 జూలైలో మన దేశానికి వచ్చినప్పుడు షోరూం ధర 65 లక్షలు. అమెరికాలో అలాంటి బండి 35 వేల డాలర్ల చుట్టుపక్కల, అప్పటి రేటులో 24 లక్షల లోపే. అదే ఏడాది చివర్లో నిస్సాన్ జీటీ-ఆర్ 1.99 కోట్లకు దిగింది. అక్కడ లక్షా పది వేల డాలర్లు. ప్రతి ఇంజన్నూ ఒకే నిపుణుడు చేత్తో బిగించి తన పేరు రేకు అంటించే కారు అది. మస్టాంగ్ మాత్రం అమెరికాలో కాలేజీ కుర్రాడు అప్పు చేసి కొనే బండి, ప్లాస్టిక్ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. అక్కడి ధరకు ఆ ప్లాస్టిక్‌ను ఎవరూ తప్పుపట్టరు. ఇక్కడ 65 లక్షలు పోసినవాడికి అదే కళ్లలో గుచ్చుకుంటుంది. కారు మారలేదు, దాని మీద పెట్టుకున్న ఆశ మూడింతలైంది.

డోరు చప్పుడు విని తయారీని తేల్చే అలవాటు మనవాళ్లలో బాగా ముదిరింది. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టుల్లో మన చిన్న కార్లకు సున్నా స్టార్లు వచ్చాక, 2018లో టాటా నెక్సాన్ 5 స్టార్లు తెచ్చుకున్నాక రేకు మందం గురించి మాట్లాడని ఇల్లు లేదు. ఆ ‘ధబ్’ శబ్దం చాలావరకు రబ్బరు సీళ్లు, లాక్ అమరిక, డోరు లోపల అంటించే మెత్తటి పొరల వల్ల వస్తుంది. గేర్‌బాక్సు ఆరోగ్యం గురించి అది ఏమీ చెప్పదు. పోలో జీటీ టీఎస్ఐ కొన్నవాళ్లను అడగండి. డోరు చప్పుడుకు మురిసి తీసుకున్న కొందరు తర్వాత దాని డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు బిల్లు చూసి కూలబడ్డారు. ఇంకో సంగతి, అంత ఖరీదైన మస్టాంగ్‌కు 2017 జనవరిలో యూరో ఎన్‌క్యాప్ ఇచ్చింది 2 స్టార్లే. పరీక్షలు వేరు కాబట్టి నెక్సాన్‌తో నేరుగా పోల్చకూడదు. ధరను బట్టి భద్రతను ఊహించకూడదని మాత్రం తేలిపోయింది.

స్పోర్ట్స్ కారుకు తగ్గ మలుపులు మన దగ్గర తిరుమల ఘాట్‌లో ఉన్నాయి. అక్కడే వేగంగా పోవడం కుదరదు. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డులో పైకి 28 నిమిషాలు, 1944 నాటి మొదటి ఘాట్‌లో కిందికి 40 నిమిషాలు పట్టాలి. ముందే చేరితే టోల్ గేట్ దగ్గర జవాబు చెప్పుకోవాలి. సగటున గంటకు 40 కిలోమీటర్లు కూడా దాటదు. 400 హార్స్‌పవర్ అక్కడ ఎందుకూ పనికిరాదు. పనికొచ్చేవి వేరే ఉన్నాయి. మే నెలలో బస్సు వెనక పాకుతున్నప్పుడు రేడియేటర్ ఫ్యాన్ నిలబడాలి, క్లచ్ వాసన రాకూడదు, దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడకూడదు. నా దృష్టిలో మన ఊరివాడికి తయారీ అంటే ఇవే.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో చిక్కు. 2015 డిసెంబర్ చెన్నై వరదల్లో మునిగిన కార్లను బీమా కంపెనీలు వేలం వేశాయి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులే చెరువులయ్యాయి. అలాంటి బండ్లు పాలిష్ కొట్టించుకుని మళ్లీ మార్కెట్‌లోకి వస్తుంటాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. కడగడం మరిచిపోయే చోటు అదే, బురద గీత అక్కడ దొరుకుతుంది. సీటు కింది బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు కూడా చూడాలి. స్పోర్ట్స్ కారు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మోకాలి లోతు నీళ్లే చాలు. మొదటి తరం బాక్‌స్టర్‌లో తాళం, అలారం చూసుకునే ఎలక్ట్రానిక్ పెట్టె సీటు కిందే ఉంటుంది, అది తడిస్తే బండి స్టార్ట్ కాదు. అమ్మేవాడు మునగలేదని గట్టిగా చెబితే కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా అని అడగొచ్చు, ఎటూ పూజకు అక్కడికే తీసుకెళ్తాం కదా.

కంపెనీ వెళ్లిపోతే తయారీ ఎంత గట్టిదైనా తిప్పలే. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మస్టాంగ్ బంపరు పగిలితే టింకరింగ్ షాపులో చేసేది కొంతే, అసలు భాగం ఓడలో రావాలి, దానికీ సుంకం ఉంటుంది.

ధరల పక్షం ఇప్పుడు చూస్తున్నది బ్రిటన్ వైపు. 2025 జూలై 24న రెండు దేశాలూ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం కోటా లోపల వచ్చే బ్రిటన్ కార్లకు సుంకం అంచెలంచెలుగా 10 శాతానికి దిగుతుంది. అప్పుడు 100 రూపాయల కారు జీఎస్టీతో కలిపి 154 అవుతుంది. కోటాలో చోటు దొరికే బండ్ల సంఖ్య పరిమితం. దొరికినవాటితో పోల్చుకుని, పూర్తి సుంకం కట్టి కొన్న పాత బండ్ల ధర పడిపోతుంది. చెన్నైలో బేరం ఆడబోయేవాళ్లు డీలరు చెప్పే ధరలో ఆ పాత సుంకం ఎంత కలిసి ఉందో ముందు అడగాలి.