నిగ్రహం లేకనే ఫోను వదలరా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"మా వాడికి నిగ్రహం లేదు మేడం. ఎంత చెప్పినా రీల్స్ మానడు." హనుమకొండలో నా కౌన్సెలింగ్ గదికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది కుర్చీలో కూర్చుంటూనే అనే మాట ఇది. పక్కనున్న పిల్లవాడు తల దించుకుంటాడు. నా మనసు చివుక్కుమనేది అక్కడే.

అపోహ: మనసు గట్టిదైతే ఫోను ఎదురుగా ఉన్నా ముట్టుకోరు.

వాస్తవం: నిగ్రహం ఉన్నవాళ్లు రోజంతా కోరికలతో కుస్తీ పట్టరు. జర్మనీలో 205 మంది పెద్దలను వారం పాటు, రోజుకు పలుమార్లు వాళ్ల కోరికల గురించి అడిగి, ఆ ఫలితాలను 2012లో ప్రచురించారు. నిగ్రహం ఎక్కువగా ఉన్నవాళ్లకు అసలు పెనుగులాటే తక్కువని తేలింది.

నయీంనగర్‌లో గది తీసుకుని డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి మొదటిసారి వచ్చినప్పుడు ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. అది మోగలేదు. అయినా ఇరవై నిమిషాల్లో నాలుగుసార్లు తిప్పి చూశాడు. అడిగి తీసుకుని పక్క గది బీరువాలో పెట్టాను. కాసేపు అతని చెయ్యి ఖాళీ బల్లను తడుముతూనే ఉంది. ఆ తర్వాతే తప్పిన సబ్జెక్టుల గురించి నోరు విప్పాడు. అతనికి నేను చెప్పినవి రెండే: చౌరస్తాలో ఒక అలారం గడియారం కొనుక్కో, రాత్రి ఛార్జర్ గది బయట పెట్టు.

అపోహ: చూసేకొద్దీ ఆనందం కలుగుతుంది కాబట్టే చూస్తారు.

వాస్తవం: మెదడులో ఊరే డోపమైన్ అనే రసాయనం పని ఆనందం ఇవ్వడం కన్నా ఆశ పెట్టడమే ఎక్కువ. తర్వాతి వీడియో బాగుంటుందో లేదో తెలియకపోవడమే వేలిని ఆడిస్తుంది. పైగా పేజీకి అంతమే లేకుండా చేశారు. ఇది పిల్లవాడి లోపం ఎలా అవుతుంది?

అపోహ: ఇది జబ్బు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ వ్యసనం ఉంది, సోషల్ మీడియా వ్యసనం లేదు. కానీ నిద్ర, చదువు పాడవుతుంటే జాబితా కోసం ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, ఉచితం.

అపోహ: 21 రోజుల్లో అలవాటు మారుతుంది.

వాస్తవం: లండన్‌లో జరిగిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం కనిపించలేదు.

ఆ అబ్బాయి రెండు వారాల తర్వాత వచ్చి, నాలుగు రాత్రులు ఫోను మళ్లీ దిండు కిందికే చేరిందని తల వంచుకున్నాడు. మిగిలిన పది రాత్రులు ఎలా గడిచాయో చెప్పమన్నాను.