ఫోటో అసలుదే, కథే వేరు: సోషల్ మీడియాపై అపోహలు - వాస్తవాలు

ఫ్యాక్ట్ చెకింగ్ నా పని. జనం పంపే ఫోటోలు, వీడియోలు, మెసేజ్‌లు చూసి ఏది నిజమో తేల్చాలి. అడిగేవాళ్ల ప్రశ్న దాదాపు ఒకటే: "ఇది ఎడిట్ చేసిందా?" అసలు చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

అపోహ: ఎడిట్ చేసినట్టు లేదు, కాబట్టి నిజమే.

మా దగ్గరికి వచ్చేవాటిలో ఎవరూ చెయ్యి పెట్టనివే ఎక్కువ. ఎప్పుడో జరిగిన ప్రమాదం వీడియో తీసుకుని నిన్న జరిగిందని రాస్తారు. ఒక దేశంలో గొడవను ఇంకో దేశానికి అంటగడతారు. వీడియోలో ప్రతి ఫ్రేమూ అసలుదే, పైన రాసిన రెండు లైన్లే అబద్ధం. అందుకే మేం ముందు వెతికేది అది మొదట ఎప్పుడు, ఎక్కడ కనిపించిందన్నది.

దీనికి పెద్ద విద్యలేమీ అక్కర్లేదు. వీడియోను ఆపి, ఏదైనా బోర్డో భవనమో స్పష్టంగా కనిపించే చోట స్క్రీన్‌షాట్ తీస్తాం. ఫోటో ఇస్తే అలాంటివి నెట్‌లో ఎక్కడున్నాయో చూపే గూగుల్ లెన్స్‌లో వేస్తాం. దొరక్కపోతే, అలాగే ఫోటోతో వెతికే వేరే సైట్లు టిన్‌ఐ, యాండెక్స్. ఒక ఫ్రేముతో తేలకపోతే ఇంకో రెండు. వచ్చిన ఫలితాల్లో అన్నిటికంటే పాత తేదీ ఏదో చూస్తాం. నిన్నటిదని చెబుతున్న వీడియో మూడేళ్ల కిందటే నెట్‌లో ఉంటే కథ అక్కడితో అయిపోయినట్టే. సెర్చ్‌కి చిక్కకుండా కుడిని ఎడమ చేసి పెట్టే గడుసువాళ్లూ ఉంటారు. బోర్డుల మీద అక్షరాలు తిరగబడ్డాయా, స్టీరింగ్ ఉండాల్సిన వైపే ఉందా అని చూడాలి. తేడా ఉంటే స్క్రీన్‌షాట్‌ను మళ్లీ తిప్పి వెతకాలి. ఎంత వెతికినా ఏమీ దొరకలేదనుకోండి, అంతమాత్రాన అది కొత్తదని కాదు. ఇంకా తేలలేదని మాత్రమే.

అపోహ: నేను ఏదీ నమ్మను, నన్నెవరూ మోసం చెయ్యలేరు.

ఈ మాట తెలివైనవాళ్ల దగ్గరే ఎక్కువగా వింటాను. వరదనీళ్లు నిండిన రోడ్డు మీద కారు పక్కనే సొరచేప ఈదుతున్న ఫోటో మీరూ చూసే ఉంటారు. 2011లో అమెరికాలో ఐరీన్ తుపాను వచ్చినప్పుడు తిరిగింది. 2017లో హార్వీ వచ్చినప్పుడు ఊరు పేరు మార్చుకుని మళ్లీ తిరిగింది. ఆ సొరచేప సముద్రంలో చిన్న పడవ వెనకాల వస్తుండగా తీసిన వేరే ఫోటోలోది. సరే, ఇది ఫేకేనని అందరికీ తెలిసిపోయింది. 2022లో ఇయాన్ తుపాను అప్పుడు ఫ్లోరిడాలో మునిగిన పెరట్లో సొరచేపలాంటి చేప కొట్టుకుంటున్న వీడియో వచ్చింది. "మళ్లీ అదేనా" అని చాలామంది నవ్వేశారు. తీరా ఆరా తీస్తే వీడియో నిజమైనదే. అది సొరచేపేనా, ఇంకేదైనా పెద్ద చేపా అన్న దగ్గరే నిపుణులు తేల్చుకోలేకపోయారు. చూడకుండా కొట్టిపారెయ్యడమూ చూడకుండా నమ్మడం లాంటిదే. రెండిట్లోనూ వెతకడం అనే శ్రమ తప్పించుకుంటున్నాం.

అపోహ: అబద్ధాల్ని పాకించేది బాట్లు (మనిషి లేకుండా వాటంతటవే పోస్టులు పెట్టే ఖాతాలు), డబ్బులు తీసుకున్న ముఠాలు.

అవీ ఉన్నాయి. కానీ 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాల్ని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించారు. అబద్ధపు వార్తను రీట్వీట్ చేసే అవకాశం నిజం వార్త కంటే 70 శాతం ఎక్కువని 2018లో సైన్స్ పత్రికలో రాశారు. బాట్లను లెక్కలోంచి తీసేసినా తేడా పోలేదు. పంపింది మనలాంటి మనుషులే.

అపోహ: ఖాతా పేరు పక్కన బ్లూ టిక్ ఉంది కదా, అసలువాళ్లదే.

నెలకు 8 డాలర్లు కడితే టిక్ ఇస్తామని ట్విట్టర్ 2022 నవంబరులో మొదలుపెట్టగానే, ఎలై లిల్లీ మందుల కంపెనీ పేరుతో ఒక నకిలీ ఖాతా టిక్ కొనుక్కుని ఇన్సులిన్ ఉచితమని ప్రకటించింది. అసలు కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంతకంటే చెప్పేదేముంది?

అపోహ: వచ్చింది వచ్చినట్టు పంపాను, నాకేం సంబంధం?

"నిజమో కాదో తెలీదు, ఎందుకైనా మంచిదని పంపుతున్నా" అన్న లైను మీద నాకు వ్యక్తిగతంగా కోపం. చదివేవాళ్లకు కనిపించేది పంపినవాళ్ల పేరు, ఆ పేరు మీద ఉన్న నమ్మకం. ఈ లైను ఎవరి కళ్లకూ ఆనదు. వాట్సాప్‌లో మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుంటే, అది మొదట పంపినవాళ్ల నుంచి కనీసం 5 చాట్లు దాటి మీ దాకా వచ్చిందని అర్థం. మీకు పంపినవాళ్లకు అసలు సంగతి తెలిసే అవకాశం తక్కువ. అలాంటి వాటిని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక చాట్‌కే పంపనిస్తున్నారు. కాపీ చేసి అతికిస్తే ఆ గుర్తు రాదు, అదీ గుర్తుంచుకోండి.

అపోహ: తిట్టడానికే షేర్ చేశాను, మంచిదేగా.

తిట్టినా కామెంట్ కామెంటే, పోస్టును ఎంతమందికి చూపాలన్న లెక్కలో పడుతుంది. ఫేస్‌బుక్ 2017 నుంచి కొంతకాలం కోపం ఎమోజీకి లైక్ కంటే 5 రెట్లు బరువిచ్చింది. అంటే మీరు మండిపడిన పోస్టే పదిమందికి ఎక్కువగా కనిపించింది. ఖండించాల్సిందే అనుకుంటే లింకు షేర్ చెయ్యకండి. స్క్రీన్‌షాట్ తీసి, అడ్డంగా "తప్పు" అని పెద్ద అక్షరాలతో రాసి, కిందే అసలు విషయం పెట్టండి.

మన ఇంటి గ్రూపులో పెద్దవాళ్లెవరో అలాంటిది పెట్టారనుకోండి, అందరి ముందూ నిలదీయకండి. పాత తేదీ కనిపించే లింకు విడిగా పంపితే చాలాసార్లు వాళ్లే తీసేస్తారు. అందరిలో పరువు పోయిందనిపిస్తే మాత్రం పంతానికైనా ఆ మెసేజ్‌ను అక్కడే ఉంచుతారు.