3,500 రూపాయల గీత: ఇల్లు ఖాళీ చేయించే చట్టం వెనక కథ

అద్దె గొడవ ముదిరితే రెండు వైపులా వినిపించే మాట ఒకటే: 'రెంట్ కంట్రోల్ కోర్టులో తేల్చుకుందాం.' ఓనరూ అదే అంటాడు, అద్దెకున్నాయనా అదే అంటాడు. తీరా లాయరు దగ్గరికి వెళ్తే ఆయన ముందు అడిగేది అద్దె ఎంత అని. హైదరాబాద్‌లో నెలకు 12,000 అని చెప్పారా, 'అయితే మీది అక్కడికి పోదు, మామూలు సివిల్ కోర్టే' అంటాడు. తెలంగాణలో మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో అద్దె 3,500 రూపాయలు దాటినా, మిగతా ఊళ్లలో 2,000 దాటినా ఆ ఇంటికి 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. 2005లో గీసిన గీత ఇది. ఆ డబ్బుకు ఇవాళ సిటీలో ఒక్క గది దొరికితే అదృష్టమే. అద్దెకున్నవాళ్లకు అండ అని పేరుపడ్డ చట్టం వాళ్లలో ఎక్కువమందిని గుమ్మం బయటే నిలబెట్టింది.

అసలు ఈ చట్టానికి మూలం యుద్ధం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, 1918లో బొంబాయిలో, 1920లో కలకత్తాలో అద్దెలకు కళ్లెం వేశారు. రెండో యుద్ధం వచ్చేసరికి మద్రాసు ప్రభుత్వం 1941లో ఉత్తర్వులిచ్చింది. నిజాం పాలనలోని హైదరాబాద్‌లో ఫసలీ 1353లో, అంటే 1943-44లో, ఇలాంటి ఉత్తర్వే వచ్చింది. సిమెంటు, ఇనుము యుద్ధానికి పోతున్నాయి, కొత్త ఇళ్లు లేవవు, పట్నాలకు జనం మాత్రం ఆగరు. ఉన్న ఇంట్లోంచి ఎవరినీ ఇష్టం వచ్చినట్టు గెంటకూడదు, అద్దె ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు అన్నారు. యుద్ధం పోయేదాకా అనుకున్న ఏర్పాటు అది.

యుద్ధం 1945లో పోయింది గానీ ఇళ్ల కరువు పోలేదు. ఉత్తర్వులే చట్టాలయ్యాయి: మద్రాసులో 1946లో ఒకటి, 1949లో ఇంకొకటి, హైదరాబాద్‌లో 1954లో. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా కోస్తా, రాయలసీమలకు మద్రాసు చట్టం, తెలంగాణకు హైదరాబాద్ చట్టం విడివిడిగా నడిచాయి. రెండింటినీ కలిపి తెచ్చిందే 1960 చట్టం. సరసమైన అద్దె ఎంతో తేల్చేటప్పుడు 1944 ఏప్రిల్ 5కు ముందు ఏడాది ఆ పేటలో నడిచిన అద్దెలు చూడాలని అందులో రాశారు. స్వాతంత్ర్యం వచ్చి పదమూడేళ్లయినా లెక్క మాత్రం యుద్ధకాలం నాటిదే!

ఖాళీ చేయించడానికి ఆ చట్టం కారణాలు లెక్కపెట్టి ఇచ్చింది. అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, ఇంటిని పాడుచేయడం, చుట్టుపక్కల వాళ్లకు న్యూసెన్స్ అవడం, అసలు ఆ ఇల్లు ఓనరుదే కాదనడం, ఓనరుకు నిజంగా సొంత అవసరం పడటం, ఇలాంటివి. ఆ కారణమేదో రెంట్ కంట్రోలర్ ముందు, అంటే ఈ చట్టం కింద అద్దె గొడవలు తేల్చే అధికారి ముందు, నిరూపించాల్సిందే.

వీటన్నిటిలో ఎక్కువ నడిచిన గొడవ అద్దె బకాయిది. బకాయి పడితే చాలదు, కావాలని ఎగ్గొట్టి ఉండాలి. కావాలని కాదు అనిపిస్తే కట్టడానికి 15 రోజుల దాకా గడువివ్వచ్చు. దీనికి విరుగుడుగా కొందరు ఓనర్లు పట్టిన దారి అద్దె తీసుకోకపోవడం. ఒకటో తారీకున డబ్బు పట్టుకెళ్తే 'తర్వాత చూద్దాంలే' అంటారు, నాలుగు నెలలు పోయాక బకాయి పడ్డావని కేసు వేస్తారు. చట్టం దీన్నీ ఊహించింది. ఓనరు తీసుకోకపోతే, డబ్బు ఏ బ్యాంకులో వేయాలో పది రోజుల్లో చెప్పమని నోటీసివ్వాలి. చెప్పకపోతే మనియార్డరు చేయాలి. అదీ వద్దంటే కంట్రోలర్ దగ్గర జమ చేయాలి. 'తీసుకోవడానికి నిరాకరించారు' అని పోస్ట్‌మన్ రాసి తిప్పి పంపిన మనియార్డరు ఫారాన్ని అద్దెదారు ఇంటి పట్టాలా దాచుకునేవాడు. దాని మీదే కేసు నిలబడేది మరి.

ఇక గీత కథ. కొత్త ఇళ్లు కట్టేవాళ్లు వెనక్కి తగ్గకూడదని, 1957 ఆగస్టు 26న గానీ ఆ తర్వాత గానీ కట్టిన ఇళ్లకు 1960 చట్టం మినహాయింపు ఇచ్చింది. అప్పటికి న్యాయమే అనిపించే మాట. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఒకే వీధిలో 1956 నాటి ఇంట్లో ఉన్నవాడికి రక్షణ, 1958 నాటి ఇంట్లో ఉన్నవాడికి ఏమీ లేదు. 1983 అక్టోబరు 26న మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. మొదట సబబుగా ఉన్నదే కాలం గడిచాక వివక్ష కావచ్చని, పాతికేళ్లయ్యాక కూడా ప్రోత్సాహం పేరు చెప్పడం కుదరదని చెప్పింది. సంబరం రెండు నెలల ముచ్చటే అయింది. డిసెంబరు 29న ప్రభుత్వం జీవో 636 తెచ్చి, కట్టి పదేళ్లు నిండని ఇళ్లనూ, అద్దె 1,000 రూపాయలు దాటిన ఇళ్లనూ చట్టం బయటికి పంపింది. అప్పట్లో 1,000 అంటే ఉన్నవాళ్ల అద్దె. 2005లో దాన్ని 3,500 చేశారు. ధరలతో పాటు దానంతటదే పెరిగే ఏర్పాటు మాత్రం పెట్టలేదు. నా దృష్టిలో అసలు తప్పు అక్కడే జరిగింది.

చట్టం బయట పడ్డవాళ్లకు దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెల నెలా అద్దె మీద ఉంటే 15 రోజుల నోటీసు చాలు, కారణం చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఆ నోటీసు గడువు సరిగ్గా అద్దె నెల ఆఖరి రోజునే ముగియాలి. ఒక్కరోజు తేడా వచ్చినా దావా పోయేది. ఆ ఒక్కరోజు పుణ్యాన ఏళ్ల తరబడి ఇంట్లో నిలిచినవాళ్లున్నారు. 2002 ఆఖరున సవరణతో ఆ సందు మూసేశారు. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి స్టాంపు పేపరు మీద 11 నెలల అగ్రిమెంటు పుట్టింది. గడువు తీరాక కూడా ఓనరు అద్దె తీసుకుంటూ పోతే అది మళ్లీ నెలవారీ అద్దె కిందికే వస్తుంది. అప్పుడు కూడా నోటీసు, దావా, కోర్టు తీర్పు కావాల్సిందే. తాళం మార్చడం, నీళ్లు ఆపేయడం ఏ చట్టంలోనూ లేవు.

కేంద్రం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదు. గడువు దాటి కదలకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ పైన నాలుగింతలు. అమలు మాత్రం రాష్ట్రాల ఇష్టం. ఆంధ్రప్రదేశ్ అంతకుముందే 2017 పేరుతో కొత్త అద్దెల చట్టం చేసుకుంది. తెలంగాణలో 1960 చట్టమే ఉంది. దాని పేరులో ఆంధ్రప్రదేశ్ పోయి తెలంగాణ వచ్చింది, 3,500 అంకె అలాగే ఉంది.