ప్యాకెట్ మీద రాసే ఆ 30 గ్రాముల సర్వింగ్ ఎక్కడ్నుంచి వచ్చింది?

చిప్స్ ప్యాకెటో మిక్చర్ ప్యాకెటో వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఒక టేబుల్ ఉంటుంది కదా, అందులో ఒక కాలమ్‌లో 100 గ్రాములకి ఎంత అని, పక్కనే ఒక సర్వింగ్ తింటే రోజు కోటాలో ఎంత శాతం అవుతుందని ఉంటుంది, ఆ సర్వింగ్ ఏమో 20 గ్రాములనో 30 గ్రాములనో రాసుంటుంది. 200 గ్రాముల మిక్చర్ ప్యాకెట్‌కి ఆ లెక్కన దాదాపు ఏడు సర్వింగ్‌లు. సాయంత్రం టీ పెట్టుకుని ఇద్దరు కూర్చుంటే ఆ ప్యాకెట్‌లో ఏం మిగులుతుందో అందరికీ తెలుసు. మరి ఈ 30 గ్రాములు ఎవరు కొలిచారు, ఎవరు తింటుంటే కొలిచారు? ఈ కథ దాదాపు యాభై ఏళ్లది, మొదటి సగం అమెరికాలో నడిచింది, అక్కడ దొరికిన జవాబు సగం సగంగా మన దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

అమెరికాలో 1973లో తిండి, మందుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ మొదటిసారి ప్యాకెట్ల మీద పోషకాల లెక్కకి రూల్స్ పెట్టింది, కానీ అది అందరికీ కంపల్సరీ కాదు, విటమిన్లు అవీ కలిపినవాళ్లు, మా సరుకు ఆరోగ్యానికి మంచిదని చెప్పుకునేవాళ్లు మాత్రమే రాయాలి. సర్వింగ్ ఎంత అన్నది కంపెనీ ఇష్టం. ఇక ఏమవుతుంది, క్యాలరీలు తక్కువ కనిపించాలంటే సరుకు మార్చక్కర్లేదు, సర్వింగ్ చిన్నది చేస్తే చాలు. ఒకే రకం బిస్కెట్‌కి ఒక కంపెనీ ఒక సైజు, ఇంకో కంపెనీ ఇంకో సైజు, రెండు పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం కొనేవాళ్ల వల్ల అయ్యే పని కాదు. 1980లలో కొవ్వు తక్కువ, కొలెస్ట్రాల్ లేదు అని ప్యాకెట్ల మీద రాతలు విపరీతంగా పెరిగాక గొడవ ముదిరి, చివరికి 1990 నవంబర్‌లో లేబులింగ్ చట్టం వచ్చింది, పెద్ద బుష్ సంతకం పెట్టారు. 1993లో రూల్స్ ఫైనల్ అయ్యాయి, ఇప్పుడు మనం చూసే ఆ నల్ల గీతల డబ్బా లేబుల్ 1994 నుంచి అక్కడ కంపల్సరీ అయింది.

ఆ చట్టంలో నాకు చాలా ముఖ్యంగా అనిపించే విషయం ఒకటుంది. సర్వింగ్ అంటే డాక్టర్ తినమని చెప్పే మోతాదు కాదు, జనం మామూలుగా ఒకసారి కూర్చుంటే ఎంత తింటారో అంత, అని చట్టంలోనే రాశారు. అంటే ఆ నంబర్ కంపెనీ చేతిలోంచి తీసి సర్వేల చేతిలో పెట్టారు. 1977-78లోనూ 1987-88లోనూ వాళ్ల వ్యవసాయ శాఖ దేశమంతా ఇంటింటికీ వెళ్లి ఎవరేం తిన్నారో రాసుకున్న లెక్కలు ఉన్నాయి, వాటి మీద కూర్చుని వందకి పైగా తిండి రకాలకి ఒక్కోదానికి ఒక్కో రిఫరెన్స్ మోతాదు తేల్చారు. చిప్స్, పాప్‌కార్న్, ప్రెట్జెల్స్ లాంటి చిరుతిళ్లన్నిటికీ వచ్చింది 30 గ్రాములు. మన ప్యాకెట్ల మీద తరచూ కనిపించే ఆ 30 కూడా అదే అంకె, కాకపోతే అక్కడ దాని వెనక ఒక సర్వే ఉంది.

సర్వే అన్నాను కానీ అందులోనూ లొసుగు ఉంది. నిన్న ఏం తిన్నారు అని అడిగితే అన్నం ఎంత, కూర ఎంత అన్నది కొంచెం గుర్తుంటుంది, టీవీ చూస్తూ బ్యాగ్‌లో చెయ్యి పెట్టి తిన్నది ఎన్ని గ్రాములో ఎవరు చెప్పగలరు, పైగా చిరుతిండి తక్కువ చేసి చెప్పడం మనుషులకి అలవాటు. పైగా ఈ లోపు ప్యాకెట్లు, కూల్‌డ్రింక్ సీసాలు పెరిగిపోయాయి, లేబుల్ మాత్రం 1970-80ల నాటి కడుపు దగ్గరే ఉండిపోయింది. ఇంకో దారి కూడా దొరికింది. అక్కడి రూల్ ప్రకారం ఒక సర్వింగ్‌లో చక్కెర అర గ్రాము కంటే తక్కువుంటే సున్నా అని రాసుకోవచ్చు. టిక్ టాక్ అనే పిప్పర్‌మెంట్ బిళ్ల బరువు 0.49 గ్రాములు, సర్వింగ్ అంటే ఒక్క బిళ్ల, కాబట్టి ఎక్కువ భాగం చక్కెరే ఉన్న బిళ్లకి చక్కెర సున్నా. ఇందులో చట్టం తప్పింది ఏమీ లేదు, అంతా రూల్ ప్రకారమే, అందుకే ఇది ఇంకా బాధగా అనిపిస్తుంది. 2006 నుంచి ట్రాన్స్ ఫ్యాట్ అనే చెడ్డ రకం కొవ్వు రాయడం కంపల్సరీ చేసినప్పుడు కూడా ఇదే అర గ్రాము లెక్క.

ఇదంతా చూసి 2016 మేలో ఎఫ్‌డీఏ రూల్స్ మార్చింది. 2003 నుంచి 2008 దాకా ఉన్న కొత్త సర్వేలు తీసుకుని కూల్‌డ్రింక్ సర్వింగ్‌ని 8 ఔన్సుల నుంచి 12కి, ఐస్‌క్రీమ్‌ని అర కప్పు నుంచి మూడింట రెండు వంతుల కప్పుకి పెంచింది, యోగర్ట్‌ని మాత్రం 8 నుంచి 6 ఔన్సులకి తగ్గించింది. చిప్స్ 30 దగ్గరే ఉంది. కానీ అసలు పనికొచ్చే మార్పు ఇంకోటి చేశారు, రిఫరెన్స్ మోతాదుకి రెండింతల కంటే తక్కువున్న ప్యాకెట్ మొత్తం కలిపి ఒక్క సర్వింగే, 50 గ్రాముల చిప్స్ ప్యాకెట్‌ని రెండు సర్వింగ్‌లు అని చెప్పడానికి వీల్లేదు అన్న రూల్ చాలా సరుకులకి 1993 నుంచే ఉంది, ఇప్పుడు దాన్ని మినహాయింపులు లేకుండా అన్నిటికీ పెట్టారు. రెండు నుంచి మూడింతల మధ్య ఉంటే సర్వింగ్‌కి ఒక కాలమ్, మొత్తం ప్యాకెట్‌కి ఒక కాలమ్, రెండూ వెయ్యాలి. పెద్ద కంపెనీలకి 2020 జనవరి నుంచి, చిన్నవాళ్లకి 2021 నుంచి అమల్లోకి వచ్చింది.

ప్యాకెట్ సైజుని బట్టి మనిషి తినేది మారుతుందా అంటే మారుతుంది, దీని మీద పెన్ స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్ అనే సైంటిస్ట్ చాలా ఏళ్లు పని చేశారు. 2004లో వచ్చిన ఒక స్టడీలో ఒకే మనుషులకి వేర్వేరు రోజుల్లో 28 గ్రాముల నుంచి 170 గ్రాముల దాకా ఐదు సైజుల్లో చిప్స్ బ్యాగులు ఇచ్చి చూశారు, బ్యాగ్ పెరిగే కొద్దీ తినేది పెరిగింది, తర్వాత డిన్నర్‌లో దానికి తగ్గట్టు తగ్గించుకోలేదు. ఇదే సబ్జెక్ట్‌లో అందరికంటే పెద్ద పేరు కార్నెల్ యూనివర్సిటీ బ్రయాన్ వాన్సింక్‌ది, ఆయన స్టడీల్లో డేటా తేడాలు బయటపడి 2018లో యూనివర్సిటీ తప్పు జరిగిందని తేల్చింది, చాలా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. ఇప్పటికీ తెలుగు హెల్త్ వీడియోల్లో చిన్న ప్లేట్ పెట్టుకోండి తక్కువ తింటారు అని చెప్పేదాంట్లో కొంత ఆయన దగ్గర్నుంచి వచ్చిందే, కాబట్టి ఈ ఏరియాలో ఏ మాట ఎవరిదో చూసుకుని నమ్మాలి.

మిగతా ప్రపంచం చాలావరకు వేరే దారిలో వెళ్లింది. తిండి సరుకులకి అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే కోడెక్స్ అనే సంస్థ 1985లోనే 100 గ్రాములకి లెక్క చెప్పాలి, ప్యాకెట్‌లో ఉన్నది ఒక్కసారి తినేదే అయితే ప్యాకెట్‌కి చెప్పొచ్చు, సర్వింగ్ లెక్క కావాలంటే అదనంగా ఇచ్చుకోండి అంది. యూరప్‌ది కూడా 100 గ్రాముల లెక్కే. చిలీ 2016లో ప్యాకెట్ ముందు వైపు నల్లటి ఎనిమిది మూలల హెచ్చరిక గుర్తులు పెట్టినప్పుడు హద్దులు 100 గ్రాములకే పెట్టింది. సర్వింగ్ చిన్నది చేసి తప్పించుకునే దారి అక్కడ లేదు.

ఇక మన దగ్గరికి వస్తే, పాత కల్తీ నిరోధక చట్టం కింద 2008లో నోటిఫై చేసి 2009 నుంచి ప్యాకెట్ల మీద పోషకాల టేబుల్ తప్పనిసరి చేశారు. తర్వాత దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వచ్చి 2011 రూల్స్‌లో 100 గ్రాములకైనా రాయండి సర్వింగ్‌కైనా రాయండి అని వదిలేసింది. 2020 రూల్స్ కొంచెం మెరుగు, 100 గ్రాములకి గానీ ఒక్కసారి తినే ప్యాకెట్‌కి గానీ లెక్క, దాంతో పాటు ఒక సర్వింగ్ వల్ల రోజు కోటాలో ఎంత శాతమో, ప్యాకెట్‌లో ఎన్ని సర్వింగ్‌లో రాయాలన్నారు. కోటా అంటే 2000 క్యాలరీలు, 67 గ్రాముల కొవ్వు, 50 గ్రాముల అదనపు చక్కెర, 2000 మిల్లీగ్రాముల సోడియం. కానీ చిప్స్‌కి సర్వింగ్ అంటే ఇంత అని అమెరికా లాగా ప్రభుత్వం ఫిక్స్ చేసిన పట్టిక మనకి లేదు. శాతం లెక్క మొత్తం నిలబడేది ఆ సర్వింగ్ మీదే, ఆ సర్వింగ్‌ని నిర్ణయించేది అమ్మేవాళ్లే.

మన దగ్గర ప్యాకెట్ సైజుని నిర్ణయించింది కూడా తినే మనిషి కాదు, అయిదు రూపాయల బిళ్ల, పది రూపాయల నోటు. కిరాణా కొట్ల ముందు దండల్లా వేలాడేవి అన్నీ ఆ రేట్లవే, నూనె రేటు పెరిగితే ప్యాకెట్ ధర పెరగదు, లోపల గ్రాములు తగ్గుతాయి. పిల్లలు కొనుక్కునేది చిన్న ప్యాకెట్లు కాబట్టి ఒక్కటి తింటే పెద్ద ప్రమాదం లేదనిపిస్తుంది, కానీ రోజుకి ఎన్ని అన్నది ఏ టేబుల్లోనూ రాదు, పైగా కోటా పెద్దవాళ్లది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే మన ఎన్‌ఐఎన్, 1970ల నుంచి పల్లెల్లో ఇంటికెళ్లి స్టాండర్డ్ కప్పులు చూపించి నిన్న అన్నం ఎంత తిన్నారు పప్పు ఎంత వేసుకున్నారు అని రాసుకున్న సంస్థ. తిండి కొలవడం మనకి రాకపోవడం అంటూ ఏమీ లేదు. ఆ ఓపిక ప్యాకెట్ తిండి మీద కూడా పెట్టి, మనవాళ్లు మిక్చర్, చిప్స్ ఒక్కసారి ఎంత తింటారో తేల్చి దాన్నే రూల్ చెయ్యాలి. 2022-23 కుటుంబ ఖర్చుల సర్వేలో పల్లెల్లో నెల ఖర్చులో 9.62 శాతం, పట్టణాల్లో 10.64 శాతం కూల్‌డ్రింకులు, టిఫిన్లు, ప్యాకెట్ తిండి పద్దులోకే వెళ్లింది, బయట తాగే టీ, హోటల్ భోజనం కూడా అందులోవే అయినా తిండి ఖర్చుల్లో అన్నిటికంటే పెద్ద పద్దు అది.

ఒకే డబ్బా రెండు రకాలుగా ఎలా కనిపిస్తుందో 2023 ఏప్రిల్‌లో బోర్న్‌విటా గొడవలో దేశమంతా చూసింది. ఫుడ్ ఫార్మర్ పేరుతో వీడియోలు చేసే రేవంత్ హిమత్‌సింగ్కా అందులో చక్కెర ఎంతుందో చూపించారు, కంపెనీ లీగల్ నోటీస్ పంపితే వీడియో తీసేశారు, కంపెనీ ఇచ్చిన జవాబు ఏంటంటే 20 గ్రాముల సర్వింగ్‌లో అదనపు చక్కెర 7.5 గ్రాములే, సుమారు ఒకటిన్నర టీస్పూన్ అని. 100 గ్రాములకి లెక్కేస్తే అదే 37.4 గ్రాములు. రెండూ నిజమే. ఏ నంబర్ ముందు పెట్టి మాట్లాడతారన్నదే తేడా. ఆ ఏడాది చివర్లో కంపెనీ దాన్ని 32.2కి తగ్గించింది.

ప్యాకెట్ ముందు వైపు లేబుల్ గొడవ ఇంకా సాగుతోంది. 2018లో ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువుంటే ఎర్ర రంగు వెయ్యాలని డ్రాఫ్ట్ వచ్చింది, కంపెనీలు ఒప్పుకోలేదు, ఎన్‌ఐఎన్ మాజీ డైరెక్టర్ శశికిరణ్ గారి కమిటీకి పంపారు, 2019లో ఇంకో డ్రాఫ్ట్, ఆ తర్వాత 2020 రూల్స్‌లోంచి ఆ భాగమే పక్కకి పోయింది. 2022లో ఎర్ర రంగు బదులు స్టార్ రేటింగ్ అన్నారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమంది, జూలైలో ఇంకో మూడు నెలలు ఇచ్చింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇండియన్ స్టోర్‌లో కారప్పూస కొంటే చాలా ప్యాకెట్ల మీద మన టేబుల్ పైన అక్కడి రూల్ ప్రకారం ఇంకో స్టిక్కర్ అంటించి ఉంటుంది. లోపలి కారప్పూస అదే, అక్కడి వాళ్లకి చెప్పాల్సింది ఇక్కడి వాళ్లకి ఎందుకు చెప్పకూడదు? ఎరుపా స్టారా అన్నది ఏది తేలినా సరే, మొత్తం ప్యాకెట్ తింటే ఎంత అన్న ఒక్క నంబర్ పెద్దగా రాయించాలి అన్నది నా గట్టి అభిప్రాయం. అది వచ్చేదాకా లెక్క మనమే వేసుకోవాలి, సర్వింగ్ కాలమ్ వదిలేసి 100 గ్రాముల కాలమ్‌ని నికర బరువుతో గుణించి వందతో భాగిస్తే అయిపోతుంది. ఉదాహరణకి 100 గ్రాములకి 550 క్యాలరీలు, 800 మిల్లీగ్రాముల సోడియం ఉన్న 200 గ్రాముల ప్యాకెట్ అనుకోండి, 30 గ్రాముల సర్వింగ్‌కి సోడియం కోటాలో 12 శాతమే అని ఉంటుంది, ప్యాకెట్ మొత్తానికి అది 80 శాతం, క్యాలరీలు 1100. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఎన్‌ఐఎన్ చెప్పే రోజు మొత్తం క్యాలరీలు 1360.