పైకప్పు లేని ఇళ్లు: ఐర్లండ్ పల్లెలు ఇలా ఎందుకు ఖాళీ అయ్యాయి

డబ్లిన్‌లో అద్దె ఇంటి కోసం తిరిగిన తెలుగువాళ్లకు ఐర్లండ్‌లో ఇళ్ల కరువు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అదే దేశంలో పడమటి వైపు, డొనెగాల్‌కో మేయోకో వెళ్తే రోడ్డు పొడవునా పైకప్పు కూలిన రాతి ఇళ్లు కనిపిస్తాయి. కొన్నింటి మధ్యలో చెట్లు మొలిచి ఉంటాయి. 2022 జనగణన నాటికి దేశంలో 1,66,752 ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. సెలవులకు వచ్చి ఉండే ఇళ్లను ఇందులో కలపలేదు. కూలిపోయిన గోడలైతే అసలు ఈ లెక్కలోకే రావు. ఒకపక్క ఇల్లు దొరక్క యువత తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోతుంటే, మరోపక్క ఇన్ని గోడలు ఎవరికీ కాకుండా ఎలా నిలబడ్డాయి? దీనికి జవాబు వెతకాలంటే రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు టౌన్‌ల్యాండ్ అంటే ఏమిటో చూద్దాం. పేరులో టౌన్ ఉందని పట్టణం అనుకుంటే పొరపాటు. అది ఊరు కూడా కాదు, హద్దులున్న నేల. మన రెవెన్యూ గ్రామం లాంటిదే కానీ చాలా చిన్నది, సగటున మూడు వందల ఎకరాలకు కాస్త ఎక్కువ. దేశం మొత్తమ్మీద ఇలాంటివి 60 వేలకు పైగా ఉన్నాయి. చాలావాటి పేర్లు ఇంగ్లిష్ పాలన కంటే పాతవి. కర్నల్ థామస్ కాల్బీ ఆధ్వర్యంలో 1824లో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వే వీటన్నింటినీ మైలుకు ఆరంగుళాల కొలతతో మ్యాపుల్లోకి ఎక్కించి 1846లో పని ముగించింది. పేర్లు ఎలా రాయాలో తేల్చడానికి జాన్ ఓడోనవన్ అనే పండితుడు ఊరూరా తిరిగాడు. పన్ను సమంగా వేయడానికే ఈ సర్వే పెట్టారు. పేదవాడి ఇంటి గురించి మనకు ఈరోజు తెలిసినదాంట్లో చాలాభాగం ఇలా పన్ను కోసమో కౌలు కోసమో పింఛను కోసమో రాసుకున్న కాగితాల్లోంచి వచ్చిందే. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు తమ గురించి తాము రాసుకున్నది చాలా తక్కువ.

ఆ తక్కువలో ఒకటి 1837 నాటి అర్జీ. డొనెగాల్ కౌంటీ గ్వీడోర్ ప్రాంతంలో బడి నడిపిన ప్యాట్రిక్ మెకై అనే టీచర్ ఐర్లండ్ వైస్రాయ్‌కి దాన్ని రాశాడు. ఏడుపులేమీ పెట్టలేదు, తన పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్లలో, ఉన్న వస్తువుల జాబితా ఇచ్చాడంతే. సుమారు నాలుగు వేల మంది జనానికి ఒక బండి, ఒక నాగలి. పారలు 20. కుర్చీలు 93, ముక్కాలిపీటలు 243. ఈకల పరుపులు 2, పొట్టు పరుపులు 8. భోజనం బల్ల దగ్గర వాడే ఫోర్కులు 7. పెద్ద బాతులు 27, టర్కీ కోళ్లు 3, పందులు లేవు. గడియారం లేదు, చేతిలో పట్టుకునే వాచీలు మాత్రం మూడు. పండ్ల చెట్టు లేదు, క్యారెట్ లేదు, మూడు పెన్నీల కంటే ఎక్కువ ఖరీదైన అద్దం ఒక్కటీ లేదు. జనంలో సగానికి పైగా చెప్పులు కొనుక్కోలేరనీ, గడ్డి మీద, తుంగ మీద ఇంటిల్లిపాదీ కలిసి పడుకుంటారనీ రాశాడు. వందల పేజీల ప్రభుత్వ నివేదికల కంటే ఈ చిట్టా ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం. అంత జనాభాలో ఫోర్కులు ఏడే అని తేల్చడానికి ఆ మాస్టారు ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగి ఉంటాడో!

ఆ గుమ్మాల లోపల చీకటి. పొయ్యి మాత్రం ఎప్పుడూ ఆరదు. నిరుపేద గుడిసె మట్టితోనో, పచ్చిక దిమ్మలతోనో కట్టింది. ఒకే గది. కిటికీ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పొగగొట్టం లేనిచోట పొగ తలుపులోంచే పోవాలి. ఒక మెట్టు పైనున్నవాళ్లది రాతి గోడ, మీద ఓట్స్ గడ్డి కప్పు. అట్లాంటిక్ గాలికి కప్పు ఎగిరిపోకుండా తాళ్లు అడ్డంగా వేసి గోడలోని రాళ్లకు కట్టేవారు. చెట్లు లేని నేల కాబట్టి, బురద నేలల అడుగున వేల ఏళ్లుగా పూడిపోయి ఉన్న ఓక్ దుంగల్ని తవ్వి తీసి దూలాలుగా వేసుకునేవారు. వంట చెరుకు కూడా ఆ బురద నేలదే. పీట్ అనే ఆ మండే మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, ఇంటి పక్కన పేర్చేవారు. రాత్రి నిప్పును బూడిదతో కప్పి పొద్దున్నే మళ్లీ రాజేస్తారు. పొయ్యి ఆరిపోవడం అశుభం.

పడమటి జిల్లాల్లో ఆవు కూడా అదే కప్పు కింద, పల్లంగా ఉన్న కొసన, మధ్యలో కాలువ వదిలి కట్టేసి ఉండేది. ఆవు ఒంటి వెచ్చదనం ఇంటికి కావాలి. గుమ్మం ముందు పెంటకుప్ప చూసి ఇంగ్లిష్ యాత్రికులు ముక్కు మూసుకుని సోమరితనం అని రాసుకుపోయారు. ఆ కుప్ప లేకపోతే వచ్చే ఏడు బంగాళదుంప పండదు. పంది ఉన్న చోట అది తినడానికి కాదు, అమ్మి కౌలు కట్టడానికి. గ్వీడోర్‌కు ఆ ఆధారం కూడా లేదన్నమాట.

భూమి సంగతి ఇంకా చిక్కు. పడమట చాలాచోట్ల రన్‌డేల్ అనే పద్ధతి నడిచేది. టౌన్‌ల్యాండ్‌ను కొన్ని కుటుంబాలు ఉమ్మడిగా కౌలుకు తీసుకుని, మంచి నేల, చెడ్డ నేల అందరికీ సమంగా రావాలని ముక్కలుగా పంచుకుంటాయి. కొండ మీది మేత ఉమ్మడి. ఇళ్లన్నీ ఒకచోట గుంపుగా ఉంటాయి. తరాలు మారేకొద్దీ ముక్కలు చిన్నవైపోయాయి. 1838 నుంచి గ్వీడోర్‌లో భూములు కొన్న లార్డ్ జార్జ్ హిల్, అర ఎకరం చెక్కలో 26 మందికి వాటాలున్నాయని రాశాడు. ముగ్గురు కలిసి ఒక గుర్రాన్ని కొని తలా ఒక కాలికి నాడా వేయించి, నాలుగో కాలు ఎవరిదని కొట్లాడుకున్నారన్న కథ కూడా ఆయన చెప్పిందే. ఇది భూస్వామి వైపు కథ అని గుర్తుపెట్టుకోవాలి. హిల్ ఆ పద్ధతిని రద్దు చేసి, ఒక్కొక్కరికి ఒక్కో పొడవాటి చెక్క ఇచ్చి, ఇళ్లను ఎవరి చెక్కలోకి వాళ్లు మార్చుకోమన్నాడు. దున్నడానికి సులువైంది నిజమే. కానీ గుంపుగా ఉన్న ఇళ్లు చెదిరిపోయాయి, కౌలు పెరిగింది, కొన్నేళ్లకు కొండ మేత కూడా స్కాట్లండ్ గొర్రెల పాలైంది.

1841లో థామస్ లార్కమ్ పర్యవేక్షించిన జనగణన మొదటిసారి ఇళ్లను నాలుగు తరగతులుగా విడగొట్టింది. ఒకటే గది ఉన్న మట్టి గుడిసె నాలుగో తరగతి. దేశ జనాభా 81,75,124. నాలుగో తరగతి ఇళ్లు 4,91,278. అందులో ఉన్నవాళ్లు ఎక్కువగా కూలీలు, లేదా రైతు దగ్గర పనిచేసి దానికి బదులుగా గుడిసె, దుంప చెక్క పొందినవాళ్లు. ఎకరం దుంప పండితే కుటుంబానికి ఏడాదిలో చాలా నెలలు గడుస్తుంది. ఒళ్లొంచి పనిచేసే మగవాడు రోజుకు ఐదారు కిలోల దుంపలు తినేవాడు, అదృష్టం ఉంటే మజ్జిగతో. పాత దుంప అయిపోయి కొత్తది చేతికి రాని జులై, ఆగస్టు నెలలు ప్రతి ఏడూ పస్తులే. పేదలు ఎక్కువగా వేసిన లంపర్ రకానికి రుచి తక్కువ. నాసి నేలలో కూడా దిగుబడినిస్తుందనే దాన్ని వేశారు. 1845లో తెగులు తగిలినప్పుడు ఆ ఒక్క రకం పోవడమంటే అన్నం కుండ పోవడమే.

కరువు కథ చాలామందికి తెలిసిందే. సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువ మంది ఓడలెక్కారు. ఇక్కడ చూడాల్సింది ఇళ్ల లెక్క. 1851లో నాలుగో తరగతి ఇళ్లు 1,35,589. పదేళ్లలో మూడున్నర లక్షలకు పైగా తగ్గాయి! కాగితం మీద ఇది అద్భుతమైన అభివృద్ధి. గ్రామీణ ఐర్లండ్ గృహవసతి మెరుగుపడిందని ఈ అంకెలు చూపించి చెప్పినవాళ్లూ ఉన్నారు. మట్టి గుడిసెలో ఉన్నవాళ్లు రాతి ఇంటికి మారారా అంటే, మారలేదు. వాళ్లు పోయారు, వెనకాలే గుడిసె నేలమట్టమైంది. రెండు చట్టాలు ఇందుకు తోడయ్యాయి. నాలుగు పౌండ్ల లోపు విలువ కట్టిన కమతాలపై పేదల సహాయ పన్ను భూస్వామే కట్టాలన్నది ఒకటి. దాంతో చిన్న కౌలుదారు ఉన్నకొద్దీ భూస్వామికి నష్టం. రెండోది 1847 నాటి గ్రెగరీ నిబంధన. పావు ఎకరానికి మించి నేల చేతిలో ఉంచుకున్నవాడికి ప్రభుత్వ సాయం ఇవ్వకూడదంది. తిండి కావాలంటే భూమి వదులుకోవాలి. వదిలిన మర్నాడే గుడిసె కూల్చేసేవారు, మళ్లీ వచ్చి దూరకుండా.

కరువు అయిపోయాక కూడా ఈ కూల్చివేతలు ఆగలేదు. 1861 ఏప్రిల్‌లో డొనెగాల్‌లోని డెర్రీవేలో జాన్ జార్జ్ అడేర్ అనే భూస్వామి మూడు రోజుల్లో 47 కుటుంబాల్ని, 244 మందిని, పోలీసు బందోబస్తుతో ఖాళీ చేయించాడు. అంతకు కొన్ని నెలల ముందు తన మేనేజర్ హత్యకు గురైతే, హంతకుల్ని కౌలుదారులు దాస్తున్నారని అతని ఆరోపణ. అది రుజువు కాలేదు. కొన్ని కుటుంబాలు లెటర్‌కెన్నీ వర్క్‌హౌస్‌లో, అంటే నిరుపేదల్ని ఉంచి పనిచేయించే ప్రభుత్వ ఆశ్రయంలో, తేలాయి. యువతలో చాలామంది చందాలతో ఆస్ట్రేలియా చేరారు. అదే ఎస్టేట్‌లో తర్వాత అడేర్ కట్టుకున్న కోట ఇప్పుడు గ్లెన్‌వే నేషనల్ పార్క్‌లో టూరిస్టులు ఫొటోలు దిగే చోటు.

మిగిలిన కుటుంబాలు ఒక పాఠం నేర్చుకున్నాయి: భూమిని ముక్కలు చేయకూడదు. ఇల్లూ పొలమూ ఒక కొడుక్కి, కట్నం ఒక కూతురికి, మిగతావాళ్లకు అమెరికా టికెట్. ఆ కొడుక్కి కూడా తండ్రి చెక్క వదిలేదాకా పెళ్లి లేదు. అందుకే నడివయసు బ్రహ్మచారులు, పెళ్లికాని అక్కచెల్లెళ్లు కలిసి ఉన్న ఇళ్లు అన్నేసి. పడమటి డొనెగాల్‌లో చెక్క ఆదాయం దేనికీ సరిపోదు. మగవాళ్లు ఎండాకాలం స్కాట్లండ్ పొలాలకు కూలికి వెళ్లేవారు. పన్నెండేళ్లు కూడా నిండని పిల్లల్ని సంతలో నిలబెట్టి ఆరు నెలల జీతానికి తూర్పు వైపు పెద్ద రైతులకు అప్పగించేవారు. ఆడవాళ్లు రాత్రిళ్లు మేజోళ్లు అల్లితే షాపువాడు డబ్బుకు బదులు టీ, పంచదార ఇచ్చేవాడు, అదీ తను చెప్పిన ధరకు. పడమటి పేద జిల్లాల కోసం ప్రభుత్వం 1891లో పెట్టిన కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డు ఇన్‌స్పెక్టర్లు ఒక్కో ప్రాంతంలో సాధారణ కుటుంబం జమాఖర్చు రాసుకొచ్చారు. అందులో అమెరికా నుంచి వచ్చే డబ్బుకు ప్రత్యేకంగా ఒక పద్దు ఉండేది.

ఇంటింటి కాగితాలు దేశం మొత్తానికి పూర్తిగా మిగిలినవాటిలో 1901, 1911 జనగణనలే మొదటివి. కరువు ముందు లెక్కల్లో చాలావరకు 1922లో డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనం పక్కనున్న రికార్డు ఆఫీసుతో పాటు తగలబడ్డాయి. 1881, 1891 కాగితాల్ని మొదటి ప్రపంచ యుద్ధంలో పేపర్ కొరతకు గుజ్జు చేసేశారు. మిగిలిన రెండూ ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచితం. టౌన్‌ల్యాండ్ పేరు కొడితే ఇల్లిల్లూ వచ్చేస్తుంది. లెక్క రాసింది పోలీసు కానిస్టేబుల్. గోడ రాయో ఇటుకో అయితే 1, మట్టైతే 0. కప్పు పలకరాతిదైతే 1, గడ్డిదైతే 0. గదుల్ని బట్టి, ముందు కిటికీల్ని బట్టి ఇంకొన్ని అంకెలు. అన్నీ కూడితే ఇంటి తరగతి. మరో ఫారంలో ఆవుల కొట్టం, పందుల దొడ్డి, కోళ్ల గూడు, పీట్ కొట్టు. 1911లో పెళ్లయిన ఆడవాళ్లను అదనంగా ఒకటి అడిగారు: ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు? పన్నెండు, ఎనిమిది అని పక్కపక్కనే రాసి ఉన్న గళ్లు చదువుతుంటే ఆ ఇంటి గోడ మట్టిదా రాతిదా అన్నది పట్టదు.

ఇందులో సరదా మలుపు ఒకటుంది. 1901లో 55 ఏళ్లని రాయించుకున్నవాళ్లలో చాలామంది 1911కి 70 దాటేశారు. 1909 జనవరి నుంచి 70 నిండినవాళ్లకు వారానికి ఐదు షిల్లింగుల పింఛను మొదలైంది మరి. పుట్టినరోజు రాసుకున్నవాళ్లు తక్కువ. 1839 జనవరి 6 రాత్రి వచ్చిన పెనుగాలి గుర్తుందని చెప్పడం వయసుకు సాక్ష్యంగా చెల్లిందట. వీళ్లను మోసగాళ్లనాలని నాకు అనిపించదు. ఆ ఇళ్లలో చాలావాటికి చేతి నగదుగా క్రమం తప్పకుండా వచ్చిన ప్రభుత్వ సొమ్ము అది.

1911 నాటికి నాలుగో తరగతి గుడిసెలు కొన్ని వేలకు పడిపోయాయి. ఈసారి నిజంగా కొంత కట్టింది కూడా ఉంది. కూలీల చట్టాల కింద జిల్లా సంస్థలు వేల సంఖ్యలో చిన్న ఇళ్లు, వాటితో పాటు కొంత నేల ఇచ్చాయి. 1903 విండమ్ చట్టంతో కౌలుదారులు సర్కారు అప్పుతో భూమి కొనుక్కుని యజమానులయ్యారు. కానీ చెక్క సొంతమైనంత మాత్రాన అది ఇద్దరు కొడుకుల్ని పోషించదు కదా! పల్లెలకు కరెంటు పథకం 1946లో మొదలైంది, నల్లా నీళ్లు చాలాచోట్లకు 1960ల తర్వాతే. బకెట్‌తో బావి దగ్గరికి నడిచిన అమ్మాయిలు అప్పటికే ఇంగ్లండ్‌లో నర్సులుగా వెళ్లిపోయారు.

కాబట్టి ఇవాళ కారు కిటికీలోంచి కనిపించే రాతి గోడలు అందరికంటే పేదవాళ్లవి కావు. వాళ్ల మట్టి ఇళ్లు చాలావరకు 1850ల నాటికే నేలలో కలిసిపోయాయి. ఈ గోడలు కరువును తట్టుకుని నిలబడి, భూమిని ఒక్కరికే ఇచ్చి, ఆ ఒక్కరూ పెళ్లి చేసుకోకుండా పోయిన ఇళ్లవి చాలావరకు. 2022లో ప్రభుత్వం ఖాళీ ఇళ్ల మరమ్మతుకు గ్రాంటు మొదలుపెట్టి, మరుసటి ఏడాది దాన్ని ఖాళీ ఇంటికి 50 వేల యూరోలు, శిథిలమైతే 70 వేల యూరోల దాకా పెంచింది. అడిగేవాళ్లు ఉన్నారు. చిక్కల్లా కాగితం దగ్గరే. ఇల్లు ఖాళీగా ఉండటానికి జనగణనలో నమోదైన ప్రధాన కారణాల్లో యజమాని చనిపోవడం ఒకటి. పట్టా తాత పేరు మీదే ఉండిపోయి, వారసులు బాస్టన్‌లోనో గ్లాస్గోలోనో ఉంటే, గ్రాంటు సంగతి తర్వాత, ముందు ఎవరి సంతకం తీసుకోవాలో తేలదు.