మానవవాదులంటే ఎవరు? మా ఊళ్లలో వినిపించే అపోహలు, వాస్తవాలు

అనంతపురం, కదిరి వైపు పల్లెల్లో, బడుల్లో సైన్సు ప్రచారం చేసే మానవవాదిని నేను. మనిషి మేలును, ప్రశ్నించి తెలుసుకోవడాన్ని అన్నిటికంటే ముందు పెట్టేవాళ్లమే మానవవాదులం. ఎక్కడికి వెళ్లినా సైన్సు కంటే ముందు మా గురించే అడుగుతారు.

అపోహ: వీళ్లు దేవుణ్ణి తిట్టడానికి వచ్చినారు.

వాస్తవం: గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగకు హిందువులు, ముస్లింలు కలిసి రావడం నాకెంతో ఇష్టం. గుండంలో నడిస్తే కాళ్లెందుకు కాలవని పిల్లలు అడిగితే మాత్రం దాచకుండా చెప్తాం. నిప్పు మీద అడుగు ఆనేది క్షణమే, పైగా బొగ్గు, బూడిద వేడిని త్వరగా అందించవు. ఆగి నిలబడితే ఎవరికైనా కాలుతుంది. మానవవాదాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోవడం పౌరుల విధి అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోనే చేర్చారు.

అపోహ: ఇదంతా విదేశీ సరుకు.

వాస్తవం: కదిరి దగ్గర కటారుపల్లికి వెళ్లండి. వేమన సమాధి అక్కడే ఉంది. రాళ్లకు మొక్కడాన్ని, కులం గొప్పను ఆయనంత సూటిగా ప్రశ్నించినవాళ్లు తక్కువ.

అపోహ: దైవభయం లేకపోతే నీతి ఉండదు.

వాస్తవం: ఆడపిల్లను పెళ్లి లేకుండా దేవుడి పేరున బసివినిగా విడిచిన ఇళ్లలో దైవభయానికి కొదవ లేదు. ఎవరూ అడగనిది ఆ పిల్ల మాటే. ఆమె బతుకు ఏమవుతుందన్న ప్రశ్న దగ్గరే మా నీతి మొదలవుతుంది. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1988లో చట్టం వచ్చింది.

అపోహ: పాము విషాన్ని మంత్రం దింపుతుంది, మా కళ్లతో చూసినాం.

వాస్తవం: మనిషి బతకడం మీరు చూసిన మాట నిజమే. శెనక్కాయ చేలో కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు. విషపు పాము కూడా ప్రతి కాటులో విషం ఎక్కించదు. అలా ఎలాగూ బతికేవాళ్లు బతికితే పేరు మంత్రానికి వస్తుంది.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నిజంగా విషం ఎక్కిస్తే దారి యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఒక్కటే. ముఖ్యంగా కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. వాపు ఉండదు, గాటు సరిగా కనబడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిపోయే రెప్పలు, ముద్ద మాట. గాలి సోకిందని తాయెత్తు కట్టించేలోగా ఊపిరి ఆగిపోతుంది. అందుకే బడిలో పిల్లలకు మొదట నేర్పేది ఇదే: పాము కరిచినవాళ్లను పైకి చూడమనండి, రెప్పలు లేస్తున్నాయా గమనించండి. లేచినా సరే, ఆగకుండా ఆసుపత్రికే తీసుకెళ్లండి. కోయొద్దు, బిగించి కట్టొద్దు, కరిచిన కాలినో చేతినో కదలనివ్వొద్దు. సర్కారు ఆసుపత్రిలో ఆ మందు ఉచితం.

మంత్రగాళ్లందరూ మోసగాళ్లని నేను అనను. పైసా తీసుకోనివాళ్లు ఎందరో ఉన్నారు. "మంత్రం తర్వాత వేద్దువుగానీ, ముందు బండి ఎక్కించన్నా" అని వాళ్లనే బతిమాలతాం. ఊళ్లో జనం మా మాట కంటే వాళ్ల మాటే ముందు వింటారు.

అపోహ: కళ్లు దానం చేస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్లుగా పుడతారు.

వాస్తవం: ఇచ్చిన కళ్లతో ఈ జన్మలోనే ఇంకొకరు చూస్తారు. ముఖం వికారం కాదు. కంటి శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లూ, అద్దాలు పెట్టుకునేవాళ్లూ ఇవ్వొచ్చు. మరణించిన ఆరు గంటల్లోపు తీయాలి. అంతవరకు రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపేయాలి. ఫారం నింపి ఊరుకుంటే చాలదు, ఆ సమయానికి ఒప్పుకోవాల్సింది ఇంట్లోవాళ్లే కాబట్టి వాళ్లకు ఇప్పుడే చెప్పి పెట్టండి.